మంగళవారం మూసిన ఈతకొలను

వెరింబా ఊళ్ళో, డిసెంబరులో మొదలయ్యే ఈ వేసవికి ఈతకొలను తెరవడం లేదని కౌన్సిల్ వాళ్ళు నవంబరులో ఒక కాగితం తెచ్చి గేటుకు అతికించి పోయారు. పంపు పాతబడిందట, లైఫ్‌గార్డుల జీతాలు పెరిగాయట, ఊళ్ళో జనం తగ్గారట. మూడూ నిజమే. అయినా ఆ కాగితాన్ని చదివిన ప్రతిసారీ లోర్నా కిట్టోకు ఒళ్ళు మండిపోయింది.

లోర్నాకు అరవై ఏడేళ్ళు. పళ్ళ డబ్బాల ఫ్యాక్టరీ మూతపడేదాకా పీచ్ పళ్ళ వరసలో ఇరవై ఆరేళ్ళు నిలబడి పనిచేసింది. యూనియన్ తరఫున యజమానులతో మాట్లాడాల్సి వస్తే అందరూ ఆమెనే ముందుకు తోసేవారు. సెలవు రోజుల్లో పిల్లలకు ఈత నేర్పేది. ఊళ్ళో నలభై ఏళ్ళ లోపు వాళ్ళందరూ ఆమె చేత నీళ్ళలోకి తోయించుకున్నవాళ్ళే. అందుకే ఇప్పటికీ అందరికీ ఆమె కిట్టో టీచరే. లైఫ్‌గార్డ్ సర్టిఫికెట్‌ను కూడా ఏటేటా పరీక్షకు వెళ్ళి కొత్తది తెచ్చుకునేది. అవసరమై కాదు, అలవాటు మానలేక.

కాగితం పడిన వారానికి ఊరి హాల్లో మీటింగ్ పెట్టారు. పెట్టింది హార్డ్‌వేర్ షాపు డెస్ హానఫోర్డ్. డెస్‌కూ లోర్నాకూ ముప్ఫై ఏళ్ళుగా పడదు, ముప్ఫై ఏళ్ళుగా విడిపోరు కూడా. ప్రతి ఎన్నికకూ స్కూలు గేటుకు ఆ పక్కన ఆయన, ఈ పక్కన ఈమె నిలబడి చెరో పార్టీ కరపత్రాలు పంచుతారు. మధ్యాహ్నం కాగానే ఆయన ఫ్లాస్కులో టీ ఇద్దరూ తాగుతారు.

"వాళ్ళు తెరవకపోతే మనమే తెరుద్దాం," అన్నాడు డెస్ లేచి. "పంపు సంగతి నాకు వదిలేయండి. గడ్డి కోసేవాళ్ళు కోస్తారు, గేటు దగ్గర కూర్చునేవాళ్ళు కూర్చుంటారు. ప్రతిదానికీ కౌన్సిలూ కౌన్సిలూ అని నోరు తెరుచుకుని కూర్చోడానికి మనం పక్షిపిల్లలమా?"

జనం నవ్వారు, చప్పట్లు కొట్టారు. లోర్నా చప్పట్లు ఆగేదాకా ఆగింది.

"బాగుందయ్యా. నువ్వు పంపు చూస్తావు, నేను కాపలా కాస్తాను, కౌన్సిల్‌కి పైసా ఖర్చు లేకుండా వేసవి గడిచిపోతుంది. వచ్చే ఏడు కౌన్సిల్ ఏమంటుంది? 'చూశారా, మేం లేకపోయినా నడిచింది కదా' అంటుంది. లైబ్రరీకి జరిగింది అదే. జీతం లేకుండా చేసినవాళ్ళు ముసలివాళ్ళయ్యారు, తలుపుకి తాళం పడింది. పన్నులు మాత్రం ఏమన్నా తగ్గాయా?"

"అయితే అందాకా పిల్లలు ఎక్కడ ఈదుతారు?"

"ఆ ప్రశ్న కౌన్సిల్‌ని అడుగు."

"నేను అడుగుతున్నది నిన్ను, లోర్నా."

 ఎవరు ఏ రోజు ఏ పని చేస్తారో రాసుకునే వంతుల కాగితం చేతులు మారుతూ తన దాకా వస్తే, లోర్నా సంతకం పెట్టకుండా పక్కవాళ్ళకు అందించింది.

సర్టిఫికెట్ ఉన్న లైఫ్‌గార్డ్ ఒడ్డున లేనిదే గేటు తీయకూడదని రూలు. ఊళ్ళో అలాంటివాళ్ళు ఇద్దరే. ఒకరు లోర్నా, ఇంకొకరు స్కూల్లో కొత్తగా చేరిన టీచరు టామ్సిన్. చంటిపిల్ల తల్లి కాబట్టి టామ్సిన్ వారానికి మూడు రోజులే రాగలనంది. డెస్ పంపును విప్పి నాలుగు వారాలు కుస్తీపట్టాడు. క్రిస్మస్ లోపల కొలను తెరిచారు. బుధవారం, శుక్రవారం, ఆదివారం. మిగతా రోజులు తాళం.

ఆ తాళాన్ని చూసినప్పుడల్లా ఊరికి లోర్నా గుర్తొచ్చేది. బేకరీలో తను అడుగు పెట్టగానే మాటలు ఆగిపోవడం ఆమె గమనించింది. "ఎంత పంతమో ఆవిడకి, పసిపిల్లల మీద కూడానా," అని ఎవరో అనడం చెవిన పడింది. తను అడుగుతున్నది ఆ పిల్లల కోసమే కదా అని అరవాలనిపించింది. అరవలేదు. ఇంటికి వచ్చి కౌన్సిల్‌కు ఇంకో ఉత్తరం రాసింది. అది ఆరోది. మీ అభిప్రాయానికి కృతజ్ఞతలు అంటూ అచ్చు జవాబు వచ్చింది. అదీ ఆరోదే.

జనవరి మూడో వారం, మంగళవారం. పదకొండు గంటలకే నలభై మూడు డిగ్రీలు. తోటలకు నీళ్ళు తీసుకెళ్ళే సిమెంటు కాలువ లోర్నా పెరటి కంచె వెనకే పారుతుంది. ఆమె కిటికీ తెరలు దించుకుని ఫ్యాను కింద కూర్చున్నప్పుడు అటునుంచి పిల్లల కేకలు వినిపించాయి. మొదటి రెండూ ఆటలో కేకలు. మూడోది కాదు. ముప్ఫై ఏళ్ళు నీళ్ళ ఒడ్డున నిలబడిన మనిషికి ఆ తేడా చెప్పక్కర్లేదు.

చెప్పులు లేకుండానే పరుగెత్తింది. దారిలో మొక్కలకు నీళ్ళు పట్టే గొట్టాన్ని కుళాయి నుంచి పీకి చేతికి చుట్టుకుంది. కాలువలో ఒక ఆడపిల్ల. పాకుడు పట్టిన ఏటవాలు గోడను గోళ్ళతో పట్టుకోబోయి, జారి, మళ్ళీ పట్టుకోబోతూ నీళ్ళతోపాటు కొట్టుకుపోతోంది. దిగువన యాభై గజాల్లో నీళ్ళు ఆపే ఇనుప షట్టరు. దాని కిందికి లాగేస్తే ఇక అంతే. గట్టు మీద పిల్ల అక్క ఏడుస్తూ దూకబోతోంది.

"దూకకు! దూకావంటే ఇద్దరూ పోతారు! నా నడుం పట్టుకో, గట్టిగా!"

మొదటిసారి విసిరిన గొట్టం అందలేదు. రెండోసారి పిల్ల మొహం మీద పడింది. "పట్టుకో బంగారూ! ఈదకు, ఊరికే పట్టుకుని ఉండు!" అంది లోర్నా, ఎప్పుడూ కొలను ఒడ్డున అనే గొంతుతోనే. పిల్ల పట్టుకుంది. గొట్టం సాగింది, లోర్నా అరచేతుల తోలు లేచిపోయింది. అక్కా ఆమే కలిసి అడుగడుగే వెనక్కి నడుస్తూ పిల్లను గట్టెక్కించారు. పక్కకి తిప్పగానే భళ్ళున నీళ్ళు కక్కి, ఏడ్చింది. ఆ ఏడుపు వినగానే లోర్నా ఎర్రమట్టిలో కూర్చుని పిల్లను ఒళ్ళోకి తీసుకుంది.

తొమ్మిదేళ్ళ షేలా. డెస్ షాపులో కౌంటరు దగ్గర పనిచేసే కార్లీ చిన్న కూతురు.

మర్నాడు చేతులకు కట్లతోనే లోర్నా డెస్ షాపుకు వెళ్ళింది. కౌంటరు దగ్గర కార్లీ లేదు, ఆస్పత్రిలో కూతురి దగ్గర ఉంది. పెయింటు డబ్బా కొనడానికి వచ్చినాయన తల అడ్డంగా ఊపుతున్నాడు.

"నేనంటున్నది ఒకటే. తల్లి అన్నాక ఒక బాధ్యత ఉండాలి. ఆ పిల్ల కాలవలో ఉన్నప్పుడు తల్లి ఎక్కడ ఉన్నట్టు?"

వేరే రోజైతే డెస్ కూడా ఆ మాట అనేవాడే. కనీసం ముప్ఫై ఏళ్ళుగా అలాంటి మాటలే అంటున్నాడు. ఈసారి డబ్బాకు మూత బిగిస్తూ నేల చూశాడు.

"ఇక్కడ," అన్నాడు. "నిన్న కార్లీకి సెలవు. సరుకు లారీ వచ్చిందని నేనే పిలిపించా. పిల్లల్ని చూసేవాళ్ళు లేరంది. ఒక్క రెండు గంటలే కదమ్మా, పెద్దది ఉందిగా అన్నా."

పెయింటు కొన్నాయన డబ్బా తీసుకుని వెళ్ళిపోయాడు. షాపులో ఇద్దరే మిగిలారు.

"తిట్టు," అన్నాడు డెస్. "అందుకేగా వచ్చావు."

"అందుకు కాదు." లోర్నా మేకుల పెట్టెల పక్కనున్న స్టూలు మీద కూర్చుంది. "నిన్న కొలను ఎందుకు మూసి ఉందో నీకు తెలుసు. నాకూ తెలుసు. రాత్రంతా పైకప్పు చూస్తూ పడుకున్నా. నేను అన్నదాంట్లో తప్పుందా అని వెతుక్కున్నా. లేదు డెస్, ఇప్పటికీ లేదు. కానీ ఆ కాలవ నా పెరటి వెనకే ఉంది. పిల్లలు అక్కడికే వస్తారని నాకు తెలియదూ? తెలుసు. తెలిసి కూడా కుర్చీలో కూర్చుని ఉత్తరాలు రాశా."

 డెస్ లోపలికి వెళ్ళి టీ కలిపి తెచ్చాడు. ఆమె కట్లున్న చేతులతో పట్టుకోలేకపోతే, కప్పును కౌంటరు అంచుకు జరిపి పెట్టాడు.

"ఆ వంతుల కాగితం ఇటివ్వు," అందామె. "మంగళ, గురు, శని నేను చూస్తా. కానీ ఒక షరతు. వచ్చే కౌన్సిల్ మీటింగుకి నువ్వు రావాలి. వచ్చి నువ్వే మాట్లాడాలి. నేను మాట్లాడితే మళ్ళీ ఆవిడేలే అంటారు. నువ్వు మాట్లాడితే వింటారు."

"కౌన్సిల్‌ని చెయ్యి చాచి అడగడమా? నేనా?"

"చెయ్యి చాచకు. కట్టిన పన్నుకి పని అడుగు. షాపులో సరుకు తీసుకోకుండా ఎవడైనా నీకు డబ్బిస్తాడా?"

డెస్ గొణిగాడు గానీ కాదనలేదు.

ఫిబ్రవరి మీటింగులో ఆయన మాట్లాడిన తీరు చూస్తే లోర్నాకు జాలేసింది. రాసుకొచ్చిన కాగితం తలకిందులుగా పట్టుకున్నాడు.  చివరికి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఎవరి పని వాళ్ళే చేసుకోవాలని ఇదే గదిలో నేను ఎన్నోసార్లు అన్నా. పంపు మేం చేసుకున్నాం. గడ్డి మేం కోస్తున్నాం. అరవై ఏడేళ్ళ మనిషి ఎండలో కాపలా కాస్తోంది. మా వంతు మేం చేస్తున్నాం. ఇక మీ వంతు ఏదో చెప్పండి. మీ వంతంటూ ఏదీ లేకపోతే ఆ కుర్చీల్లో ఎందుకున్నారో చెప్పండి." అంతే అని కూర్చున్నాడు. 

గెలుపని చెప్పుకోదగ్గది ఏమీ రాలేదు. వచ్చే వేసవికి ఒక లైఫ్‌గార్డుకు జీతం ఇస్తామన్నారు. కొత్త పంపు మాట మళ్ళీ చూద్దామన్నారు. కాలువ గట్టుకు కంచె వేయడం తమ చేతిలో లేదు, అది వేరే శాఖ అన్నారు. బయటికి వచ్చి కారెక్కుతూ డెస్, "సగమన్నా వచ్చింది, సంతోషించు," అన్నాడు. "సగంతో సంతోషించేవాళ్ళున్నంత కాలం వాళ్ళు సగమే ఇస్తారు," అంది లోర్నా. ఇంటిదాకా పోట్లాడుకుంటూనే వచ్చారు.

మీటింగుకు ముందే, ఆమె వంతు మొదలైన మొదటి మంగళవారం, కార్లీ ఇద్దరు కూతుళ్ళనూ తీసుకొచ్చింది. ఆ మధ్యాహ్నం కౌంటరు పని వదిలి వెళ్ళమని డెసే పంపించాడు. లోర్నాను చూడగానే కార్లీ ఆమె భుజం మీద నుదురు ఆనించింది.

షేలా నీళ్ళలోకి దిగలేదు. ఒడ్డున తువ్వాలు చుట్టుకుని కూర్చుంది. దిగమని లోర్నా అనలేదు. రెండో వారం పిల్ల పాదాలు తడుపుకుంది. మూడో వారం మొదటి మెట్టు మీద కూర్చుంది. నాలుగో మంగళవారం లోర్నా టోపీ తీసి పక్కన పెట్టి, తన కాపలా కుర్చీలో, ఆ రోజుకు రమ్మని పిలిచిన టామ్సిన్‌ను కూర్చోబెట్టి, తనే నడుములోతు నీళ్ళలోకి దిగి రెండు చేతులూ చాచి నిలబడింది.

"నువ్వు రమ్మన్నప్పుడే ముందుకొస్తా. వద్దంటే ఇక్కడే ఉంటా," అంది.

షేలా చాలాసేపు ఆ చేతుల వైపు చూసింది. అరచేతుల్లో కొత్త తోలు ఇంకా గులాబీరంగులోనే ఉంది.

"కొంచెం ఇటు రా," అంది పిల్ల.