మైనపు పలక మీద నా గొంతు

శూన్యంలో మొదట పలుకును పుట్టించి, ఆ పలుకు వెంట వెలుగును నడిపించిన ప్రభువా, మట్టితో చేసిన ఈ నోటికి తడబడని మాట ప్రసాదించు. నీ నామం పాడిన నోటితోనే నా మేనల్లుని గిటారును కీర్తించబోతున్నాను. తప్పయితే మన్నించు, ఒప్పయితే ఆలకించు.

హోసియా నా చెల్లెలి కొడుకు. ఏడేళ్ల ప్రాయంలో చీపురుకు చుట్టిన తీగను ఊడదీసి, మా వసారా గోడకు రెండు మేకులతో బిగించి, పగిలిన సీసా మెడను దానిపై జార్చుతూ ఇంటినే వాయిద్యం చేశాడు. మూడుసార్లు పీకేశాను. నాలుగోసారీ బిగించాడు. పదహారేళ్లకు గిటారు చేతికి వచ్చింది. మెంఫిస్‌కు దిగువన మా డెల్టాలో ఎక్కడ శనివారపు చేపల విందు జరిగినా వాడి బ్లూస్ పాటలు లేకుండా కాళ్లు కదిలేవి కావు. పాదం సగం పాడి ఆపేవాడు; తక్కిన సగం సీసా మెడ తీగ మీద చెప్పేది. జనం కేకలు వేసేవారు.

నేను ఆ జనంలో లేను. మా గుడిలో పాటల పుస్తకాలు లేవు. నేనొక పాదం పలికితే సంఘమంతా దానిని సాగదీసి అందుకుంటుంది. అప్పటికి ఇరవై ఏళ్లుగా ఆ పని నాది. బ్లూస్ సాతాను పాటయని తీర్పు చెప్పి వాడిని వెనుక బల్లకు పంపినవాడినీ నేనే. ఆనాటి నుండి వాడు గుడికి రావడం మానేశాడు.

పత్తి పగిలే ఆగస్టులో షికాగో నుండి రికార్డుల కంపెనీ మనిషి పట్నానికి వచ్చి, కుర్చీలు, మంచాలు అమ్మే దుకాణం మేడ మీద పాటలను మైనపు పలకలపై చెక్కే యంత్రం పెట్టాడు. మా వైపు ట్రక్కు ఉన్నది నాకొక్కడికే.

“ఒక్కసారి తీసుకెళ్లు మామా. పలక బాగా కుదిరితే మెంఫిస్‌లో పని ఇస్తానన్నాడు. కుదరలేదా, రేపు పొద్దున్న మళ్లీ ఆ పత్తి చేనే.”

“సాతాను పనికి నా బండి కదలదురా.”

“సాతానుకు రైలుంది మామా. బండి లేనిది నాకే.”

నవ్వు ఆపుకోలేకపోయాను. ఓడిపోయాను.

బయటి చప్పుడు రాకుండా మేడ మీద కిటికీలన్నిటికీ బొంతలు కట్టారు. మధ్యాహ్నపు వేడికి ఊపిరి ఆడడం లేదు. లాథ్రప్ అనే ఆ కంపెనీ దొర మూడు మైనపు పలకలు చూపించాడు. ఒక్కొక్క గాయకుడికి మూడే. ఎర్ర దీపం వెలిగితే పాడేవాడు తప్ప ఇంకెవ్వరూ కిక్కురుమనకూడదు.

దీపం వెలిగింది. “రైలు కూసింది నా వాకిట, నా గుండె…” అని హోసియా ఆగాడు. తీగ జాలిగా జారింది. దొర చేయి ఊపి యంత్రం ఆపించాడు.

“మాట మరిచిపోయావు.”

“మరవలేదు సార్. మిగతాది ఇది చెబుతుంది.”

“కొనేవాడికి మాటలు కావాలి. మొత్తం పాడు.”

రెండో పలక మీద హోసియా ప్రతి పాదమూ చివరిదాకా పాడాడు. గిటారుకు నోరు కట్టేసినట్లయింది. పాట పూర్తయ్యేసరికి దొర ఆవులించాడు.

“ఇది పనికిరాదు. ఇంకొక్కటే ఉంది.”

హోసియా నా వైపు తిరిగాడు. “ఏం చెయ్యమంటావు మామా?”

“నన్నడక్కు. నేను గుడి పెద్దని, డీకన్‌ని.”

వాడు కాసేపు చేతిలోని సీసా మెడను చూశాడు. తరువాత దొరను గాక తన వేళ్లను నమ్ముకుని, విందుల్లో వాయించినట్లే మొదలుపెట్టాడు. సగం పాదం. ఆపాడు. తీగ సాగింది, వంగింది, ఏడ్చింది. ఆ సాగుడు నాకు కొత్త కాదు. అది మా సంఘం పాదాన్ని అందుకునే తీరు. నేను పలికి వదిలే చోటును వాడు గిటారులో దాచుకున్నాడు. మా వసారాలో అన్నేళ్లు వినీ నేను వినలేదు.

“చెప్పు నాయనా, చెప్పు,” అని బిగ్గరగా అనేశాను.

ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాను. ఉన్న ఒక్క పలకనూ చెడగొట్టాననుకున్నాను. కంపెనీ దొర ఆపమనడానికి చేయి ఎత్తాడు. హోసియా మాత్రం చిరునవ్వుతో తరువాతి పాదాన్ని సూటిగా నాకే విసిరి ఆపాడు. ఈసారి తెలిసే బదులిచ్చాను. ఎత్తిన చేయి మెల్లగా దిగి, దొర మోకాలి మీద తాళం వేయసాగింది.

దీపం ఆరింది. “ఎవరీ ముసలాయన?”

“మా గుడి పెద్ద సార్. నా మామ.”

“ఆ ఖాళీ వినేవాడి కోసమా? ముందే చెప్పొచ్చుగా,” అంటూ దొర మెంఫిస్ పని కాగితం తీశాడు.

తిరుగుదారిలో హోసియా అన్నాడు, “రికార్డు మీద నీ పేరు కూడా వేయించనా మామా?”

“వేయిస్తే ఇక్కడే దించేస్తాను.”

అక్టోబరులో రికార్డు వచ్చింది; ప్రతి వసారాలోనూ మోగింది. ఆ ఆదివారం గుడిలో మా సంఘపు జెనోబియా అక్క లేచి నిలబడింది. “డీకన్ గారూ, అందులో కేక వేసిందెవరు? మా కోడిపుంజు కూడా గుర్తుపట్టింది.”

“నేనే,” అన్నాను. మరునాడు మెంఫిస్ రైలెక్కవలసిన హోసియా వీడ్కోలుకని వచ్చి వెనుక బల్లపై కూర్చున్నాడు. “వాడి పాటలో మన పాట ఉంది. నేను ఆలస్యంగా విన్నాను. ఒరేయ్, ముందుకు రా,” అన్నాను.

వాడు ముందు బల్లకు వచ్చాడు. నేను పాదం పలికి ఆపాను. మొదట అందుకున్నది వాడి గొంతు.

మెంఫిస్‌లో, తరువాత షికాగోలో వాడు ముప్ఫై ఏళ్లు వాయించాడు. ఎక్కడ వాయించినా సగం పాదం వదిలి, ఎవరో ఒకరు బదులిచ్చేవరకు ఆగేవాడట. “ఇక్కడా అందుకుంటున్నారు మామా” అని ఉత్తరం రాశాడు.

ఈ కథ విన్నవారి ఇళ్లలో పాట ఆరకుండుగాక. వారు సగంలో ఆపిన మాటను అందుకునే గొంతు ఎల్లప్పుడూ దొరకుగాక.