మగ్గం గదిలో ప్రొజెక్టరు

టేపు పెట్టి మగ్గం గదిని కొలుస్తున్నాడు మా ఆయన రంజిత్. నేను మగ్గం కింది గుంతలో కాళ్లు పెట్టుకుని చీర నేస్తూనే ఉన్నాను. టేపు నా భుజం మీదుగా పోయింది. జరగమని కూడా అనలేదు, నేనూ మగ్గంలో ఒక కట్టెనైనట్టు.

"పదహారు అడుగులు. బొమ్మ గోడంత పడతది" అన్నాడు మా మామతో. "గీ కిటికీ మూయిస్తే అయిపాయె. జర వెలుతురున్నా బొమ్మ కనవడదు."

నెల రోజులుగా ఇంట్లో ఇదే మాట. టీవీ, డీవీడీ సరిపోవట. హైదరాబాదు నుంచి ప్రొజెక్టర్ల రంగురంగుల కాగితాలు తెచ్చాడు. ఏ ప్రొజెక్టరుకు కాంతి ఎక్కువ, దేని బల్బు ఎక్కువ కాలం వస్తుంది, పైకప్పుకు వేలాడదీయాలా బల్ల మీద పెట్టాలా అని స్నేహితుడు దేవరాజుతో అన్నం తింటూనే చర్చ. ఆ కాగితాల నిండా ఎంగిలి వేళ్ల మరకలు. ఇద్దరూ పళ్లెంలోనే చేయి కడిగి లేచిపోయేవాళ్లు. ఆ నీళ్లు పారబోసేది నేను. నన్ను అడిగింది ఒక్కటే, ఇంకొంచెం పులుసు ఉందా అని.

నా పని ఆ కిటికీ వెలుతురులోనే. గద్వాల చీరలో నూలుకు పట్టు అంచు కలిసేచోట పోగు పోగూ చూసి మెలేయాలి. రంజిత్ మగ్గం ఎక్కక ఆరేళ్లయింది. అయినా చేనేత సొసైటీ కార్డులో నేతగాడు అతనే. "మా కోడలు జర చేయి సాయం జేస్తది" అంటాడు మా మామ ఈశ్వరయ్య వచ్చినవాళ్లతో, నేను అక్కడే నేస్తుండగా. వింటే రోత పుడుతుంది.

"మరి నేనెక్కడ నెయ్యాలె?"

"ఎందుకు పరేషానైతవ్? ఈ పడుగు అయిపోయినంక మగ్గం ఇప్పేస్తం, గుంత పూడ్పిస్త. కూసొని సినిమాలు సూడు." వరమిచ్చినట్టు నవ్వాడు.

నిలువు పోగుల పడుగు ఎక్కిన మగ్గాన్ని మధ్యలో విప్పడం మా ఇంట్లో అరిష్టం. అందుకే ఆగాడు. ఆ ఆచారం నాకు బాగా తెలుసు. నా కూతురు తేజస్విని పుట్టాక, పురిటి స్నానమైన మర్నాడే మా అత్త జోగమ్మ గుమ్మంలో నిలబడి, "పడుగు ఎక్కినంక మగ్గం పండవెట్టొద్దమ్మా, లే" అంది. కుట్లు ఆరకముందే గుంతలోకి దిగాను. పట్టు మీద పాలు పడకుండా గుండెకు గుడ్డ బిగించి కట్టుకున్నాను. సాయంత్రం అందరూ వచ్చి అంచు చూశారు. నన్నెవరూ చూడలేదు.

ప్రొజెక్టరు తేవడానికి రంజిత్ బస్సెక్కాడు. "నేనొచ్చేసరికి ఆఖరు చీర నేసి కోసెయ్" అని చెప్పి పోయాడు.

కోశాను. కానీ మగ్గం మీద మిగిలిన పోగుల కొసలు తీయలేదు. వేరే నేతగాళ్లకు ఇవ్వాలని అతను అటక మీద పెట్టిన కొత్త పడుగు దించాను. పోగు జారకుండా వేళ్లకు బూడిద అద్దుకుని, పాత కొసకు కొత్త కొస, ఒక్కొక్క పోగే మెలేసి అతికాను. మూడు రోజులు పట్టింది. మా అత్త రోజూ వచ్చి చూసి వెళ్లింది.

నాలుగో రోజు పొద్దున రంజిత్ పెట్టె మోసుకుని వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు.

"అమ్మా! ఏందిది?"

మా అత్త మగ్గం వైపు చూసింది, తర్వాత నా వైపు. "పడుగు ఎక్కినంక ఏం జేస్తం బిడ్డా."

"సరే, ఇది అయిపోనీ" అన్నాడు పళ్లు కొరుకుతూ.

"ఇది అయిపోయేలోపల ఇంకోటి అతుకుత" అన్నాను. గుంతలో కాళ్లు పెట్టుకుని అడ్డపోగు విసిరే నాడె అందుకున్నాను. పెట్టెతో సహా అతను కిటికీ ముందుకు వచ్చి నిలబడ్డాడు. చీర మీద నీడ పడింది.

"వెలుతురుకు అడ్డమొస్తున్నవ్. జరుగు."