తుంగకు వేసిన జడలు

మడుగులో జడ వేసిన తుంగ దుబ్బులే నేలమట్టమయ్యాయి. పక్కనున్నవి చెక్కుచెదరలేదు. మట్టి తవ్వే యంత్రం పళ్ల నుంచి గుడ్ల పచ్చసొన ఇంకా కారుతోంది. తల్లి నీటికోడి అక్కడక్కడే తిరుగుతూ అరుస్తోంది.

కూలినాలి చేసుకునే అన్నలారా, చదువుకునే పిల్లలారా, మేం చాపలల్లేవాళ్లం. తుంగ కోసేటప్పుడు గూడు కనిపిస్తే ఆ దుబ్బు కొసలను జడలా అల్లి వదిలేస్తాం. వెనక వచ్చేవాళ్లు అది చూసి కొడవలి దించుతారు. పిట్టపిల్లలు గూడు వదిలాకే దాన్ని కోస్తాం. మడుగు పూడ్చి ఇళ్లు కట్టడానికి కాంట్రాక్టరు వచ్చినప్పుడు, మా పెద్దత్త అతన్ని గట్టు మీద నిలబెట్టి మరీ చెప్పింది: "జడలున్న చోట గుడ్లుంటాయి బాబూ, ముట్టుకోకండి." అలాగేనమ్మా అని దండం కూడా పెట్టాడు, దొంగ వెధవ!

"కావాలనే చేశావు కదరా?" పెద్దత్త యంత్రం డ్రైవరు మీదికి వెళ్లింది.

అతను తల దించుకున్నాడు. "రేపు ఆఫీసర్లు తనిఖీకొస్తారంట పిన్నీ. గూళ్లు కనపడితే పూడ్చడానికి వీల్లేదంట. అందుకే జడలున్నవే ముందు లేపెయ్యమన్నాడు కాంట్రాక్టరు. నేను కాకపోతే ఇంకొకణ్ని తెస్తాడు."

మేం పెట్టిన గుర్తే వాడికి దారి చూపించింది. పెద్దత్త వెళ్లి యంత్రం ముందు బురదలో కూర్చుంది. పోలీసులొచ్చి ఆ ముసలి మనిషిని ఈడ్చుకెళ్లి వ్యానులో పడేశారు.

చాపలు ఆరేసే దిబ్బ మీద అందరం చేరాం. ఏడుపులు, శాపనార్థాలు.

"పిట్టల కోసం మనం జైళ్లకెళ్లాలా?" అన్నాడు మా మరిది. "సగం మడుగు మనకొదుల్తానన్నాడుగా!"

"జడలు ముట్టుకోనని కూడా అన్నాడు," అంది పెద్దత్త కోడలు. "గుడ్లనే ఉంచనోడు నిన్నుంచుతాడా? రేపు గూళ్లు లేవని రాసుకుపోతే తుంగంతా పోద్ది. అప్పుడేం అల్లుకు తింటావ్?"

మరిది మెత్తబడ్డాడు. "పోనీ, మిగిలిన జడలన్నా విప్పేద్దాం వదినా. వాడికి కనపడవు."

"విప్పొద్దు," అంది పెద్దత్త కోడలు. " అన్నిటికీ వేద్దాం. మడుగంతా ఒక్క పూటలో లేపడం వాడి అబ్బ తరం కూడా కాదు."

ముసలీ ముతకా, చంకన బిడ్డలున్నవాళ్లూ నీళ్లలోకి దిగారు. గూళ్ల దగ్గర అడుగు చప్పుడు కాకుండా కదిలాం. తుంగ అంచులు కోసుకుని వేళ్లు మండిపోయాయి. గూడున్నదానికీ లేనిదానికీ జడ వేశాం. మా మరిది వేసినవి చీపురుకట్టల్లా ఉన్నాయి. అయినా ఎవరికీ నవ్వు రాలేదు. అప్పటికే పోయిన గుడ్లు పోయాయి, పెద్దత్త ఎలా ఉందో తెలియదు.

పొద్దు వాలుతుండగా కాంట్రాక్టరు వచ్చాడు. "వీటిలో గూళ్లెక్కడున్నాయే?" అని అరిచాడు. మేం అల్లుతూనే ఉన్నాం.

"అన్నీ తొక్కించెయ్!" అన్నాడు డ్రైవరుతో.

"జడ జడకీ మనిషున్నాడు సార్."

"ఉంటే? పోనియ్!"

డ్రైవరు మావైపు చూశాడు. ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని, మోకాలి లోతు నీళ్లలోకి దిగి మరిది పక్కన నిలబడ్డాడు. "ఎలా అల్లాలో చూపించు తమ్ముడూ," అన్నాడు.

గట్టు మీద మళ్లీ వ్యాన్ల చప్పుడు వినిపించింది. ఈసారి ఒకటి కాదు. అయినా ఎవరమూ గట్టెక్కలేదు. తనిఖీ తెల్లారాకే, జడ వెయ్యాల్సిన దుబ్బులు ఇంకా చాలా ఉన్నాయి.