ఫిర్యాదుల విభాగం

మడతపెట్టిన తువ్వాళ్ళు పట్టుకుని ఆమె వంటింటి గుమ్మం దాటగానే లోపల మాటలు ఠక్కున ఆగిపోయాయి. అత్తగారు పొయ్యి వైపు తిరిగింది. ఆడపడుచు లేని నవ్వు తెచ్చుకుని, నువ్వెందుకు వదినా కష్టపడతావ్ అంది గానీ, తువ్వాళ్ళు మాత్రం అందుకోలేదు.

తన క్యాన్సర్ కాలేయానికి పాకిందని తెలిసిన దగ్గర్నుంచి ఇంట్లో అందరి మీదా ఆమెకు అనుమానమే. డాక్టరు తనను బయట కూర్చోబెట్టి ఈయనతో ఏం చెప్పాడు? పెళ్ళయ్యాక ఎన్నడూ లేనిది ఈయన ఇంత మెత్తగా ఎందుకు మాట్లాడుతున్నాడు? తన కూతురికి ఇప్పుడే వంట నేర్పాలని అత్తగారికేం ముంచుకొచ్చింది? అన్నిటికన్నా పెద్ద అనుమానం ఆ పొగడ్త మీద. మా ఆవిడది గట్టి గుండె, ఒక్కనాడూ కంటతడి పెట్టలేదని ఫోన్ చేసిన ప్రతివాళ్ళకీ ఆయన చెప్పుకుంటాడు. మొదట్లో పొంగిపోయింది. ఒకసారి ఏడవబోతే, "నువ్వే ఇలా అయిపోతే మా గతేంటి?" అన్నాడు. ఏడుపు మింగేసి ఆయనకి టీ పెట్టింది. గట్టి గుండె ఉన్నవాళ్ళ పక్కన ఎవరూ కూర్చోనక్కర్లేదని అప్పుడు అర్థమైంది.

నిజానికి ఆమెకు భయం. చావంటే భయం, అంతకుముందు వచ్చే నొప్పంటే భయం, ఇదంతా ఎవరికీ చెప్పుకోకుండానే పోతానేమోనని మరీ భయం. కానీ దిగమింగడం ఆమెకు వృత్తి. ఇన్నేళ్ళూ ఒక కంపెనీ ఫిర్యాదుల విభాగంలో ఫోన్లు ఎత్తింది. అవతలివాడు నానా మాటలూ అంటున్నా గొంతులో నవ్వు చెదరకూడదు.

ఆ మధ్యాహ్నం ఆసుపత్రిలో, నిద్ర పడుతోందా అని నర్సు ఆమెనే అడిగింది. హాయిగా పడుతోందండీ అన్నాడు భర్త. భయంగా ఉంటోందా అంటే, అబ్బే, తనకి భయమేంటి అన్నదీ ఆయనే. నర్సు ఆయన్ని మందులకని కిందికి పంపి, తలుపు దగ్గరగా వేసి, మళ్ళీ అడిగింది. ఇదీ అనుమానంగానే తోచింది ఆమెకు. తను ఏం చెప్పినా తీసుకెళ్ళి ఆయన చెవిన వేస్తుందేమో. గొంతులోకి నవ్వు దానంతటదే వచ్చేసింది.

"అంతా బాగానే ఉందండీ. మీకింకేమైనా సాయం కావాలా?"

అది ఫోన్ పెట్టేసే ముందు అనే మాట. నర్సు తెల్లబోయింది.

"నాక్కాదమ్మా, మీకు," అంది మెల్లగా.

ఆమెకు సిగ్గు ముంచుకొచ్చింది. ఇంటిల్లిపాదినీ అనుమానించింది గానీ, వాళ్ళందరికన్నా నేర్పుగా దాస్తున్నది తనే. నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే వెక్కిళ్ళయిపోయింది.

ఇంతలో భర్త మందుల సంచితో లోపలికొచ్చాడు. ఆమె ముఖం చూసి కంగారుపడిపోయాడు.

"అయిపోయిందా? పద, ఇంటికెళ్దాం."

"మీరు బయట కూర్చోండి," అంది ఆమె. "నేనింకా మొదలుపెట్టలేదు."