ట్యాంకు వదిలిన వాసన

దగ్గుమందుకు అరటిపండు వాసన పట్టుకుంది. అల్లం ఘాటు రావాల్సిన సీసా మూత తీస్తే, మగ్గిన గెల పక్కన కూర్చున్నట్టుండేది. మందుల షాపులవాళ్లు సరుకంతా తిప్పి పంపారు.

తప్పు సిరప్ కాచే ట్యాంకుది. మూతబడిన పళ్ల ఎసెన్సుల కంపెనీలో చవగ్గా వస్తోందని మామగారు కొనుక్కొచ్చారు. కెమిస్ట్రీ చదివి ఆయన ఫ్యాక్టరీలోనే ల్యాబ్ చూసుకుంటున్న కోడలు వద్దంది. ఎవరి చెవికీ ఎక్కలేదు. ఇప్పుడు ట్యాంకు పాత ఇనుము కింద పోతోంది. దాంతోపాటు ల్యాబ్‌కీ తాళం వేసి, చెవి మరిదికిచ్చారు. ఆవిడ ఇక ఇంట్లో కూర్చోవాలి.

"వాసన చూడ్డానికి డిగ్రీ ఎందుకు వదినా? ముక్కు చాలదూ?" అన్నాడు మరిది.

"నీకున్నది అదొక్కటేగా. జాగ్రత్తగా చూసుకో."

ఎన్నిసార్లు కడిగినా అదే తంతు. చల్లారాక చూస్తే వాసన ఉండదు. సిరప్ పోసి వేడి చేస్తే మళ్లీ లేస్తుంది. అది ఎక్కడ దాక్కుంటోందో ఆవిడకి అంతుపట్టలేదు. చివరికి ఒక కడుగుడు మొదలు నుంచి చివరిదాకా నిలబడి చూసింది. పనివాళ్లు మరిగే నీళ్లతో కడిగి వంపేశారు. పొగలు ఆరకముందే మామగారు స్పానర్ పట్టుకొచ్చి మూత బోల్టులు తనే బిగించారు. దుమ్ము పడుతుందని. అత్తగారు పోయినప్పటి నుంచి ఆయనకి తెరిచి ఉన్నది ఏదీ గిట్టదు. పెట్టె, కిటికీ, ఎదుటివాళ్ల నోరు, అన్నీ మూసే ఉండాలి.

"మామగారూ, తప్పు మీ స్పానర్‌ది."

పనివాళ్లు తలలు దించుకున్నారు. ఆయన ముఖం గంటు పెట్టుకున్నారు.

"ఈ వాసన ఎస్టర్లది, పళ్ల ఎసెన్సులకి వాసనిచ్చే రసాయనాలవి. అవి స్టీలు లోపలికేమీ పోవు, పైపైన అంటుకుని కూర్చుంటాయి. వేడి తగిలితే లేస్తాయి. లేచినవాటికి మీరు దారి మూసేశారు. చల్లారగానే మళ్లీ ఆ గోడకే వచ్చి పడుతున్నాయి. తలుపు గొళ్లెం పెట్టి చుట్టాలు వెళ్లలేదంటే ఎలా?"

"పాత ఇనుమువాడు రేపు పొద్దున వస్తాడు," అన్నారాయన. "అప్పటిదాకా నీ ఇష్టం."

అది ఒప్పుకోలు కాదు. ఆవిడ అలా అనుకోనూ లేదు.

మూత కింది రబ్బరు రింగు మొదట పీకి పారేయించింది. అది వాసనని లోపలికే తాగేసింది, ఇక బాగుపడదు. మూత తీయించి, అడుగు నుంచి ఆవిరి వదిలింది. స్టీలుని పట్టుకోవడానికి నీటికి ఎస్టర్ కన్నా ఆత్రం ఎక్కువ. నీరు వచ్చి చోటు లాక్కుంటుంది, వేడి లేపుతుంది, సాగే ఆవిరి బయటికి ఈడ్చుకుపోతుంది. ట్యాంకు మీద పెట్టిన గొట్టం కిటికీలోంచి వీధిలోకి పొగ కక్కింది. వీధంతా అరటిపండు. దారినపోయేవాళ్లు ఆగి అరటిపళ్ల బండి కోసం వెతుక్కున్నారు.

సాయంత్రానికి వీధిలో ఆ వాసన పోయింది. పనివాళ్లు చప్పట్లు కొట్టబోతే ఆవిడ ఆపింది. ఇక్కడి ముక్కులు ఎప్పుడో అలవాటుపడి మొద్దుబారాయి. వాటి సాక్ష్యం చెల్లదు.

పొద్దున కొత్త రింగు వేసి, మంచినీళ్లు పోసి, మూత బిగించి మరిగించింది. వాసన ఒక్క పిసరు మిగిలినా ఇప్పుడు బయటపడాలి. పాత ఇనుమువాడు కాటా దించుతుంటే పిలిచి, ఎదురుగా మూత తీయించింది.

"ముందు వాసన చూడు."

అతను వంగాడు. మరిది గోడకి చేరబడి నవ్వుకుంటున్నాడు.

"వేడినీళ్లు," అన్నాడతను.

"ఇంకా?"

"ఇంకేముంటుందమ్మా? పొద్దున్నే వేళాకోళమా?"

"అరటిపండు వాసన రావట్లేదూ?"

అతను మళ్లీ వంగి గట్టిగా పీల్చాడు. వస్తే అతనికే లాభం. "రావట్లేదు," అన్నాడు విసుగ్గా.

"అయితే కాటా తీసుకెళ్లు. ఇది అమ్మట్లేదు."

పనివాళ్లలో ఎవరో ఈల వేశారు. ఈసారి ఆవిడ ఆపలేదు. మధ్యాహ్నానికి ట్యాంకు నిండా సిరప్ మరిగింది. అల్లం ఘాటుకి గుమ్మం దగ్గరున్న మరిది తుమ్మాడు.

"ముక్కు పనిచేస్తోందే," అంది. "ల్యాబ్ తాళంచెవి తెచ్చివ్వు."

తెచ్చిచ్చాడు. ఆవిడ నవ్వలేదు. డిగ్రీ గురించి అతనన్న మాటలు మర్చిపోయే ఉద్దేశం ఆవిడకి లేదు.

సిరప్ వంపి ట్యాంకు కడిగాక, మామగారు అలవాటుగా స్పానర్ అందుకున్నారు. ఆవిడ చెయ్యి చాచింది.

ఆయన స్పానర్ వదల్లేదు. "మరి దుమ్ము?"

"పల్చటి గుడ్డ కట్టండి."

స్పానర్ ఆవిడ చేతిలో పెట్టి, గుడ్డ వెతకడానికి వెళ్లారు.