కొమ్ముల పెట్టె

దుమ్ము దులుపుదామని స్టూలెక్కితే, రూటరుకున్న రెండు యాంటెన్నాల్లో ఒకటి ఆమె చేతిలో గిర్రున తిరిగింది. రెండోది మాత్రం బిగుతుగానే ఉంది.

అత్తగారు దానికి కొమ్ముల పెట్టె అని పేరు పెట్టింది. ముందుగదిలో, భర్త బల్లకు సరిగ్గా పైన ఉంటుంది. "నా మీటింగుల మధ్య నీ ఎక్కాల గోలేంటి" అని అతనన్నప్పుడు ఆమె పాఠాలు వంటింటికి మారాయి. పిల్లలకు ఆన్‌లైన్లో లెక్కలు చెప్పే ఉద్యోగం. స్టవ్ ఆపి, కుళాయి కట్టేసి, గ్యాస్ బండ పక్కన పీట వేసుకుని చెప్పేది. సగం మాటలు దారిలోనే రాలిపోయేవి. "టీచర్, వినపడలేదు, మళ్ళీ చెప్పండి" అనేవారు పిల్లలు. "నాకు బ్రహ్మాండంగా వస్తోందిగా, నీకు ఫోను వాడటం రాదు" అనేవాడు భర్త. "ఆ పెట్టె కూడా నీ గొంతు భరించలేకపోతోందే అమ్మాయ్" అని అత్తగారంటే ఇంటిల్లిపాదీ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

చివరికి పెద్ద టీచరమ్మ, "మీరు కష్టపడతారండీ, కానీ మీ పాఠం పిల్లలకు అందడం లేదు" అని మర్యాదగానే మానిపించింది. లోపం తన నాలుకదేనని ఆమె నమ్మేసింది. రేపు ఆన్‌లైన్లో ఒక పాఠం చెప్పి చూపించమని మరో కంపెనీవాళ్ళు అడిగారు. "నావల్ల కాదండీ, క్షమించండి" అని రాసిన మెసేజి పొద్దుటినుంచీ ఫోనులో ఉంది. పంపడమే తరువాయి.

కుట్టుమిషను సొరుగులోంచి చిన్న స్క్రూడ్రైవరు తెచ్చింది. ప్లగ్గు పీకి, నాలుగు స్క్రూలు విప్పి, మూత లేపింది. బిగుతుగా ఉన్న యాంటెన్నా తీగ లోపలి ఆకుపచ్చ పలకకు అతుక్కుని ఉంది. గిర్రున తిరిగినదాని తీగ దేనికీ తగలకుండా, దుమ్ములో చుట్ట చుట్టుకుని పడి ఉంది.

రెండేళ్ళ కిందట, ఆమె ఉద్యోగంలో చేరడానికి వారం ముందు, పెట్టె వేడెక్కుతోందని భర్తే విప్పి శుభ్రం చేశాడు. టార్చి పట్టుకున్నది ఆమే. మూత బిగిస్తుంటే, "ఏవండీ, ఆ తీగ ఊడి ఉన్నట్టుంది" అంది కూడా. "నీకెందుకు ఇవన్నీ? టార్చి సరిగ్గా పట్టుకో, చాలు" అన్నాడు. ఆమె సరిగ్గా పట్టుకుంది. చూసింది తనే, నోరు మూసుకున్నదీ తనే. రెండేళ్ళుగా తన గొంతును తానే తిట్టుకుంది. స్టూలు మీద కూలబడి, కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"నా సీరియల్ ఆగిపోయిందే" అంది అత్తగారు లోపల్నుంచి.

"నెట్ సాయంత్రందాకా రాదత్తయ్యా."

మెసేజి చెరిపేసి, "రేపు పదింటికి చెబుతాను" అని రాసి పంపింది. తీగ కొసను పలక మీద ఒక్క నొక్కు నొక్కితే సరిపోతుంది. ఆమె నొక్కలేదు.

సాయంత్రం భర్త బయటినుంచి వచ్చేసరికి పెట్టె అతని బల్ల మీద మూత తీసి ఉంది. "ఎవరు విప్పమన్నారు నిన్ను? పాడుచేసి పెట్టావా?" అన్నాడు.

ఆమె టార్చి వెలిగించి అతని చేతిలో పెట్టింది. స్క్రూడ్రైవరు తను తీసుకుంది.

"ఆ మూలకి వెయ్యండి" అంది. "సరిగ్గా పట్టుకోండి, చాలు."