వెనక సీటు కింద

ఆయన్ని అందరూ ముక్కు మేస్త్రి అనేవారు. బానెట్ ఎత్తి ఒక్కసారి ఊపిరి పీల్చాడంటే పెట్రోలు ఎక్కడ కారుతోందో ఇట్టే చెప్పేసేవాడు. అలాంటి ముక్కు మొన్నటి చలికాలం జ్వరంతో పనికిరాకుండా పోయింది. పొయ్యి మీద పాలు మాడినా తెలియదు. ఈ సంగతి కట్టుకున్న భార్యకు కూడా చెప్పలేదు మహానుభావుడు. పేరు పోతే షెడ్డుకి ఎవరొస్తారని బెంగ.

ఆ ఉదయం చెల్లెలు తన పాత కారు తెచ్చి ఆపింది. వెనక సీట్లో చిన్నారి మేనకోడలు బెల్టు పెట్టుకుని కూర్చుంది.

"అన్నయ్యా, ట్యాంకు నిండా కొట్టించినప్పటి నుంచి లోపలంతా పెట్రోలు కంపు. కొంచెం చూడు. పాపను బడి మాన్పించి మరీ బయల్దేరాం, కొండదారిన పోవాలి."

మేస్త్రి కారు కింద దూరి పైపులన్నీ పొడి గుడ్డతో తుడిచాడు. గుడ్డ తడవలేదు. అలవాటు కొద్దీ బానెట్ ఎత్తి గట్టిగా ఊపిరి పీల్చాడు. ఏమీ తెలియలేదు.

"ఏం లేదు. కొట్టేటప్పుడు ఒలికుంటుంది, పోతుందిలే," అన్నాడు. తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది.

"నువ్వు చెప్పాక ఇంకేముంది," అంటూ చెల్లెలు స్టీరింగు ముందు కూర్చుంది. పాప అద్దంలోంచి చెయ్యూపింది. అంతే, మేస్త్రి పరుగున వెళ్ళి చెల్లెలి చెయ్యి పట్టుకున్నాడు.

"తాళం తిప్పకు. ముందు పాపను దించు."

"ఏమైంది అన్నయ్యా?"

"నాకు వాసన తెలియదమ్మా. చలికాలం నుంచీ తెలియదు."

ఆమె పాపను దూరంగా కూర్చోబెట్టి వచ్చి, తనే కారులో వంగి మూలమూలా వాసన చూసింది.

"ఇక్కడే. పాప కూర్చునే చోటే."

మేస్త్రి సీటు పీకాడు. ట్యాంకు పైన గొట్టం చీలి ఉంది. ట్యాంకు నిండుగా ఉంటేనే అది కారుతుంది, అందుకే కింద పైపులు పొడిగా ఉన్నాయి. సీటు కింది మెత్త తడిసి ముద్దయింది. దాన్ని ఆనుకునే కరెంటు వైర్లు పోతున్నాయి. ఒక్క నిప్పురవ్వ పడితే చాలు.

చెల్లెలు పాపను ఎత్తుకుని గట్టిగా హత్తుకుంది. కాసేపటికి ఏదో తట్టినట్టు ఆయన వైపు తిరిగింది.

"అన్నయ్యా, మొన్న పాప బడి వ్యాను కూడా నీ దగ్గరికే వచ్చింది కదా? వాసన వస్తోందని డ్రైవరు అంటుంటే విన్నాను. ఏం చెప్పి పంపావు?"

ఆయన ఫోను తీసి డ్రైవరుకు కలిపాడు. అవతల మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తడం లేదు. అది పిల్లల్ని బడికి తీసుకెళ్ళే వేళ.